మార్కులు కూడింది నేనే

మా ఆఫీసు స్టీలు బీరువాలో, మూడో అరలో, పాత క్లయింట్ల ఫైళ్ల వెనకాల ఏడాదిపాటు ఒక బ్రౌన్ కవరు ఉండేది. మూతకి సెల్లోటేపు వేసి, టేపు మీదుగా మా సారు అడ్డంగా సంతకం పెట్టారు. లోపల అందాల పోటీ స్కోర్ షీట్లు. ఇరవై రెండు మంది అమ్మాయిలకి ఐదుగురు జడ్జీలు వేసిన మార్కులు. వాటిని కూడింది నేను.

అప్పటికి నేను విశాఖ ద్వారకానగర్‌లో ఒక సీఏ గారి దగ్గర ఆర్టికల్స్, అంటే సీఏ చదువులో భాగంగా చేసే ట్రైనింగు, చేస్తున్నాను. రెండో ఏడాది. పని అంటే జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, అప్పుడప్పుడూ అనకాపల్లి వైపు గోడౌన్లకి వెళ్లి బస్తాలు లెక్కపెట్టి రావడం. 2024 ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం సారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆదివారం ఖాళీయేనామ్మా? బ్యూటీ కాంటెస్టు ఒకటుంది, లెక్కలు చూడాలి" అన్నారు. లెక్కలంటే టిక్కెట్ల డబ్బులూ స్పాన్సర్ల చెక్కులూ అనుకున్నాను. కాదట, మార్కులట. జడ్జీలు వేసిన మార్కులు కూడటానికి బయటి ఆడిటర్ని పెట్టుకుంటారని, గెలిచినమ్మాయి పేరు స్టేజీ మీదికి వెళ్లేదాకా ఆ ఆడిటర్ దగ్గరే ఉండాలని నాకు అప్పుడే తెలిసింది.

ఇంట్లో చెబితే అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది.

"ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి మార్కులేసే కాడ నీకేటే పని?"

"మార్కులు నేను వెయ్యనమ్మా. కూడతానంతే."

"కూడినోళ్లకి పాపం అంటదేటి?"

నాన్న పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. అమ్మది శ్రీకాకుళం వైపు. మాట అనేశాక వాదన పెంచదు, మళ్లీ చేట అందుకుంటుంది.

శనివారం నిర్వాహకులతో మీటింగు. వాళ్ల ఫ్లెక్సీలో "ఇంటర్నేషనల్" అన్న మాట "విశాఖపట్నం" కన్నా నాలుగు రెట్లు పెద్దగా ఉంది. జరిగేది మాత్రం రాష్ట్ర స్థాయి ఎంపిక. ఇక్కడ గెలిచినమ్మాయి జాతీయ పోటీకి వెళ్తుంది, అక్కడ గెలిస్తే విదేశంలో జరిగే ఫైనల్‌కి. మిస్ వరల్డ్, మిస్ యూనివర్స్ లాంటి పెద్దవైనా, మనం పేరు వినని చిన్నవైనా నిచ్చెన ఇదే. పైన అంతర్జాతీయ సంస్థ ఉంటుంది. ఒక్కో దేశంలో ఒకళ్లు దాని హక్కులు తీసుకుని తమ పోటీ నడిపి ఒక్క అమ్మాయిని పంపుతారు. కింది మెట్టు మీద ఉన్నవాళ్లు పై మెట్టు పేరు ఫ్లెక్సీ మీద వేసుకుంటారు. ఎంట్రీ ఫీజు కట్టే అమ్మాయిలకి ఈ తేడా ఎంతమందికి తెలుసో మరి. ఫీజు, గ్రూమింగు, ఫొటోలు, మేకప్, గౌను అద్దె అన్నీ కలిపి ఒక్కొక్కళ్లకి ముప్ఫై నలభై వేలు దాటుతోందని ఆ మీటింగులో మాటల మధ్య విన్నాను. మా స్టైపెండు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

సారు మూడే ప్రశ్నలు అడిగారు. మార్కులా, ర్యాంకులా? టై అయితే ఏం చేస్తారు? ఐదుగురిలో అన్నిటికంటే ఎక్కువ వేసినదీ, తక్కువ వేసినదీ తీసేసి మిగతావి కూడాలా, అన్నీ కూడాలా?

నిర్వాహకుల్లో ఒకాయన మొహమాటంగా నవ్వి, "సింపుల్‌గా పెట్టండి సార్. అన్నీ కూడేయండి. ఎక్కువొచ్చిన వాళ్లే విన్నరు" అన్నారు.

"టై?"

"టై ఎందుకవుతుంది సార్?"

అప్పుడు సారు 1994 కథ చెప్పారు. గోవాలో జరిగిన ఆ ఏడాది మిస్ ఇండియా ఫైనల్లో సుస్మితా సేన్‌కీ ఐశ్వర్యా రాయ్‌కీ మార్కులు సమానమైతే, ఇద్దరికీ ఇంకో ప్రశ్న వేసి తేల్చాల్సి వచ్చింది. ఆ ఒక్క ప్రశ్నతో సుస్మిత మనీలాకి వెళ్లి మిస్ యూనివర్స్ అయింది. రెండో స్థానంలో నిలిచిన ఐశ్వర్య సన్ సిటీకి వెళ్లి మిస్ వరల్డ్ అయింది. "అంత పెద్ద పోటీలోనే అయింది. మనకి కాదని రాసివ్వగలరా?" అన్నారు సారు. ఆయన అప్పుడు సీఏ ఇంటర్ చదువుతున్నారట. టీవీలో చూసినవి ఇంత వివరంగా గుర్తున్నాయంటే ఆ రాత్రి ఏం చదివారో ఊహించుకోవచ్చు.

చివరికి ఒక పేజీ నిబంధనలు తయారయ్యాయి. ప్రతి రౌండూ పదికి. అరమార్కు వేయొచ్చు. మొత్తం కూడిక. చివరి ఐదుగురికి పాత మార్కులు కలపం, ప్రశ్న రౌండు మార్కులే లెక్క. టై అయితే ఇంకో ప్రశ్న. కొట్టివేతలుంటే జడ్జి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. స్కోర్ షీట్లు ఏడాది దాచి తర్వాత చింపేయాలి. ఎవరికి ఎన్ని వచ్చాయో బయటికి చెప్పకూడదు. అందుకే ఇక్కడ నేను అమ్మాయిల నంబర్లు, మార్కులు మార్చి రాస్తున్నాను. జరిగిన తీరు మాత్రం మార్చలేదు.

ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో ఒక హోటల్. బయట సన్నటి వాన, సముద్రం మీద ఏమీ కనబడట్లేదు. లోపల ఏసీకి చేతులు బిగుసుకుపోతున్నాయి. జడ్జీల టేబులు వెనక ఒక మూల నాకు చిన్న టేబులు, ల్యాప్‌టాప్, ప్రింటరు, ఒక పొడుగు రూళ్ల పుస్తకం ఇచ్చారు. ముందు పెన్నుతో పుస్తకంలో ఎక్కించాలి, తర్వాతే కంప్యూటర్లో కొట్టాలి అని సారు రూలు. రెండుసార్లు ఎందుకు సార్ దండగ అని లోపల అనుకున్నాను. పైకి అనలేదు, అది నా అదృష్టం.

నంబర్లు సరిచూసుకోవడానికి గ్రీన్‌రూమ్‌లోకి వెళ్లాను. టీవీలో చూసేవాళ్లకి ఈ గది తెలియదు. ఇరవై రెండు మంది, వాళ్ల అమ్మలు, మేకప్ వాళ్లు, హెయిర్ స్ప్రే వాసన, ఇస్త్రీ పెట్టె వాసన. ఒకమ్మాయి మడమ మీద బ్యాండ్‌ఎయిడ్ మీద బ్యాండ్‌ఎయిడ్ అతికించుకుంటోంది. ఇంకొకమ్మాయి కుచ్చిళ్లకి వాళ్లమ్మ పిన్నులు పెడుతూ, నోట్లో పట్టుకున్న పిన్నుల మధ్య నుంచే "ఊపిరి బిగబట్టకు, బిగబట్టకు" అంటోంది. పద్నాలుగో నంబరమ్మాయి గోడ వైపు తిరిగి, పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేస్తోంది. ఏడో నంబరమ్మాయి ఉప్మా తింటోంది. ఆ గదిలో తింటున్నది ఆ పిల్లొక్కతే.

పదిన్నరకి చీర రౌండు మొదలైంది. నాకు అమ్మాయిలు కనబడలేదు, కాయితాలే కనబడ్డాయి. పదిమంది నడిచాక ఒక కుర్రాడు షీట్లు తెచ్చి ఇస్తాడు. ఐదుగురు జడ్జీల రాతా ఐదు రకాలు. ఒకావిడ అంకెలు ముత్యాలు. ఒకాయన ఏడు వేస్తే ఒకటో ఏడో తెలియదు, నడుముకి గీత పెట్టరు. సారు చెప్పినట్టు నేను వెళ్లి, "సార్, ఇది ఒకటా ఏడా?" అని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూసి, "ఒకటి వేయడానికి నేనంత దుర్మార్గుడిలా కనబడుతున్నానా?" అన్నారు. సంతకం మాత్రం పెట్టారు.

రెండు రౌండ్ల మార్కులు ఎక్కిస్తుంటే ఒక సంగతి పట్టుబడింది. మొదటి నలుగురు జడ్జీలు ఏడుకి కిందికి దిగరు, తొమ్మిదికి పైకి ఎక్కరు. అందరూ మంచివాళ్లే, ఎవర్నీ నొప్పించరు. ఐదో ఆయన పెద్దాయన, చదువు చెప్పి రిటైరైన మనిషి. ఆయన షీట్లో నాలుగు ఉంది, పది కూడా ఉంది. ఆయనకి నచ్చితే నచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మొదట ఇది మెచ్చుకోవాల్సిన నిజాయితీ అనుకున్నాను. కూడటం మొదలెట్టాక అర్థమైంది, మొత్తం ఆయన చేతిలోకి వెళ్లిపోతోందని. నలుగురు అరమార్కు తేడాతో గొడవ పడుతుంటే ఒక్కాయన నాలుగు మార్కుల తేడా వేస్తే, ఆ నలుగురూ ఉన్నా లేకపోయినా ఒకటే. డైవింగ్ లాంటి ఆటల్లో ఎక్కువా తక్కువా తీసేసి మధ్యవే కూడేది ఇందుకే. సారు శనివారం అడిగిన మూడో ప్రశ్న అర్థం నాకు ఆదివారం మధ్యాహ్నం తెలిసింది.

ఇక నా ఘనకార్యం.

గౌను రౌండు అయ్యాక టాప్ టెన్ లిస్టు ఇవ్వాలి. స్టేజీ మీద డాన్స్ ప్రోగ్రాం పెట్టి మాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఒక కాలమ్‌లో నంబర్లు, పక్కన మార్కులు, చివర టోటల్. టోటల్స్‌ని ఫార్ములాలు పోయి ఉత్త అంకెలే మిగిలేలా పేస్ట్ చేశాను. ఎక్కువ నుంచి తక్కువకి సార్ట్ కొట్టాను. పక్క కాలమ్స్ కూడా కలపాలా అని ఎక్సెల్ అడిగింది. అది రోజూ అడుగుతుంది, రోజూ సరిగ్గానే నొక్కుతాను. ఆ రోజు నిర్వాహకుడు తలుపు దగ్గర నిలబడి "అయిందామ్మా, అయిందా" అంటుంటే ఆ ఒక్క కాలమ్‌నే కదిపే బటన్ నొక్కాను. టోటల్స్ మాత్రం చక్కగా పైనుంచి కిందికి సర్దుకున్నాయి. నంబర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను పై పది ప్రింట్ తీసి సారు చేతికిచ్చాను.

సారు కాయితం చూశారు. నన్ను చూశారు.

"ఏమ్మా, ఒకటి నుంచి పది దాకా నంబర్లకే ఒకటి నుంచి పది దాకా ర్యాంకులు వచ్చాయా? రోల్ నంబర్ల ప్రకారం ఫస్టు క్లాసులా?"

నా చెవుల్లో డాన్స్ పాట ఆగిపోయినట్టు అనిపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... పది. వరసగా. ఆ లిస్టు బయటికి వెళ్లుంటే పద్నాలుగో నంబరు ఇంటికి, ఆఖర్లో ఉన్న మూడో నంబరు టాప్ టెన్‌లోకి. నంబర్లు అంత వరసగా లేకపోయి ఉంటే ఎవరూ కనిపెట్టేవాళ్లు కాదు కూడా. సారు అరవలేదు. "పుస్తకం తియ్యి" అన్నారంతే. రూళ్ల పుస్తకంలో పెన్నుతో వేసిన టోటల్స్ చూసి, ఇద్దరం వేలు పెట్టి పదిమందిని ఏరాం. నా వేలు వణుకుతుంటే ఆయన పెన్ను మూతతో ఆ వేలుని వరస మీదికి జరిపారు. ఆరు నిమిషాలు పట్టింది. డాన్స్ వాళ్లు అదే పాటకి రెండోసారి ఆడారు.

2015 డిసెంబరులో లాస్ వేగాస్‌లో మిస్ యూనివర్స్ ఫైనల్లో యాంకర్ స్టీవ్ హార్వే విజేతగా కొలంబియా అమ్మాయి పేరు చదివి, తల మీద కిరీటం పెట్టాక కొన్ని నిమిషాలకి తిరిగొచ్చి, క్షమించండి, గెలిచింది ఫిలిప్పీన్స్ అన్నాడు. ఆ వీడియో చూసి మేమంతా కాలేజీలో తెగ నవ్వుకున్నాం. ఆ కార్డు మీద రన్నరప్‌ల పేర్లు ఎడమ వైపు ఒకదాని కింద ఒకటి, విజేత పేరు కుడి వైపు కింద మూలన ఉన్నాయి. ఆ రోజు తర్వాత ఆయన్ని చూసి నవ్వడం మానేశాను. సారు యాంకర్‌కి మూడు కవర్లు, మూడు కార్డులు ఇచ్చారు. ఒక కార్డు మీద ఒక్కటే నంబరు, ఒక్కటే పేరు, అంగుళం ఎత్తు అక్షరాల్లో. "నాటకీయంగా గ్యాప్ ఎంతైనా ఇచ్చుకోండి, చదివేది మాత్రం ఇదే" అన్నారు.

టాప్ ఫైవ్ తేలేలోపల ఒక నాన్నగారు మా టేబులు దగ్గరికొచ్చారు. చేతిలో ఫోను. ఆన్‌లైన్లో డబ్బు కట్టి ఓట్లు వేసే "పాపులర్" టైటిల్ ఒకటి పెట్టారు. దానికి జడ్జీలతో సంబంధం లేదని నిబంధనల కాయితంలో సారు పట్టుబట్టి రాయించారు. ఆయన మాత్రం, "మా పాపకి బంధువులందరం కలిసి చాలా వేశామండి. అందులో కొంతైనా మెయిన్ మార్కుల్లో కలుస్తుందన్నారు ఫోనులో" అన్నారు. ఎవరన్నారో చెప్పలేదు. సారు "కుదరదండి" అన్నారు. ఆయన "పోనీ పదో వంతు?" అన్నారు. సారు మళ్లీ అదే మాట, అదే గొంతుతో. ఆయన ముఖం ఎర్రబడింది. పద్నాలుగో నంబరు తండ్రి ఆయన.

ప్రశ్న రౌండు. ఐదుగురికీ ఒకే ప్రశ్న: మీ ఊళ్లో ఒక్క విషయం మార్చగలిగితే ఏం మారుస్తారు? ఈసారి మాత్రం తలెత్తి చూశాను.

పద్నాలుగో నంబరమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడింది. చదువు, మహిళా సాధికారత, పర్యావరణం. ఒక్క తడబాటు లేదు. గొంతు ఎక్కడ పెంచాలో అక్కడ పెంచింది. సరిగ్గా టైముకి నమస్తేతో ముగించింది. హాలంతా చప్పట్లు, నేను కూడా పెన్ను కింద పెట్టి కొట్టాను. ఏడో నంబరమ్మాయి ఇంగ్లీషులో మొదలెట్టి రెండో వాక్యంలో ఆగిపోయింది. మైకు దించింది, మళ్లీ ఎత్తింది. తెలుగులో అంది: "మాది పాత పోస్టాఫీసు దగ్గరండి. మేడ మీద తెల్ల బట్టలారేస్తే సాయంత్రానికి నల్లపొడి పడుతుంది. మా నానమ్మ దులిపి దులిపి మడతపెడుతుంది. ఆ పొడి లేకుండా చేస్తాను. ఎలా చేస్తానంటే... నాకు తెలీదండి." అక్కడక్కడా నవ్వులు. చప్పట్లు కొంచెం ఆలస్యంగా వచ్చాయి.

షీట్లు వచ్చాయి. ఏడో నంబరుకి: ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర, ఎనిమిది, ఎనిమిదిన్నర, పది. మొత్తం 43.5. పద్నాలుగో నంబరుకి: తొమ్మిది, తొమ్మిది, ఎనిమిదిన్నర, తొమ్మిది, ఆరు. మొత్తం 41.5. మిగతా ముగ్గురూ ఇద్దరికన్నా కిందే ఉన్నారు.

రెండుసార్లు కూడాను. తర్వాత అడ్డంగా చూశాను. ఐదుగురు జడ్జీల్లో నలుగురికి పద్నాలుగో నంబరే నచ్చింది. ఒక్కొక్కళ్లూ అరమార్కు ఎక్కువేశారు. ఒక్క పెద్దాయన నాలుగు మార్కుల తేడాతో దాన్ని తిరగేశారు. ఎక్కువా తక్కువా తీసేసి ఉంటే ఏడుకి 25.5, పద్నాలుగుకి 26.5. ర్యాంకులు వేసి ఉన్నా పద్నాలుగే. కూడితే మాత్రం ఏడు.

ఆయన షీటు చివర రిమార్కుల గడిలో, పద్నాలుగో నంబరు ఎదురుగా తెలుగులో ఒకే ఒక్క మాట ఉంది. "బట్టీ."

ఆయన తప్పు చేశారా అంటే చెప్పలేను. నేను జడ్జినైతే చప్పట్లు కొట్టిన చేత్తోనే పద్నాలుగుకి వేసేదాన్ని. ఇంటికెళ్లాక మాత్రం గుర్తుండిపోయింది నానమ్మ మడతపెట్టే బట్టలు. కానీ అది నేను తేల్చాల్సింది కాదు. కాయితం సారు ముందు పెట్టి, "సార్, నలుగురు..." అన్నాను. ఆయన అప్పటికే చూసేశారు. "రూలేమని రాసుకున్నాం?" అన్నారు. మొత్తం కూడిక. "అయితే అంతే." ఆయన గొంతులోనూ ఏదో ఉంది గానీ, సంతకం మాత్రం తిన్నగా పెట్టారు.

ఫలితం చదివారు. హాల్లో ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత గోల. ఏడో నంబరమ్మాయి కిరీటాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, జారిపోతుందేమోనని. పద్నాలుగో నంబరు నవ్వుతూనే ఉంది. వాళ్లకి అది నేర్పిస్తారు. వెనక నుంచి "మ్యాచ్ ఫిక్సింగ్" అని ఎవరో అరిచారు. మేము కవరు అంటించి సర్వీసు లిఫ్టులో దిగి వచ్చేశాం. బీచ్‌లో మురీ మిక్స్చర్ కొనిపెట్టారు సారు, వాన తగ్గింది. తింటూ, "ఎక్సెల్ సంగతి ఎవరికీ చెప్పకు" అన్నారు. ఇప్పుడు చెప్పొచ్చని ఆయనే అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోనులో వెతుకుతుంటే 1970 దొరికింది. లండన్‌లో మిస్ వరల్డ్. గెలిచింది గ్రెనడా అమ్మాయి జెన్నిఫర్ హోస్టెన్, ఆ కిరీటం పెట్టుకున్న మొదటి నల్లజాతి యువతి. తొమ్మిదిమంది జడ్జీల్లో నలుగురు మొదటి స్థానం స్వీడన్‌కి ఇచ్చారు, గ్రెనడాకి ఇద్దరే. అయినా గ్రెనడా గెలిచింది, స్వీడన్ నాలుగో స్థానంలో పడింది. గ్రెనడా ప్రభుత్వాధినేత కూడా జడ్జీల్లో ఉండటంతో పెద్ద రభస అయింది. అప్పుడు జడ్జీల కార్డులు బయటపెట్టి చూపించారు: హోస్టెన్‌కి మొదటి స్థానాలు తక్కువే గానీ, రెండు నుంచి ఐదు దాకా స్థానాలు స్వీడన్ కన్నా ఎక్కువ పడ్డాయి. కొందరికి అమితంగా నచ్చడం వేరు, ఎక్కువమందికి బాగానే నచ్చడం వేరు. అక్కడ రెండోది గెలిచింది. మా దగ్గర మొదటిది గెలిచింది. కూడేవాళ్లు ఎవరూ ఎక్కడా తప్పు కూడలేదు. నాకు పిచ్చెక్కినట్టయి ఫోను పక్కన పడేశాను.

తర్వాతి ఏడాది మిస్ వరల్డ్ పోటీ హైదరాబాద్ వచ్చింది. 2025 మే 31న హైటెక్స్‌లో ఫైనల్. అమ్మా నేనూ కూర్చుని చూశాం. నేను ఒళ్లో కాయితం, పెన్సిలు పెట్టుకున్నాను, అలవాటు. మార్కులేమీ తెర మీద చూపించరు. ఒకప్పుడు మిస్ యూనివర్స్‌లో టీవీ మీద ఒక్కో రౌండుకీ మార్కులు వేసేవారట, జనం ఇంట్లోనే కూడుకునేవారు. ఇప్పుడు పేర్లే వస్తాయి. నూటెనిమిది మందిలోంచి నలభై, నలభైలోంచి ఇరవై. మన దేశం తరఫున కోటా అమ్మాయి నందినీ గుప్తా. టాప్ మోడల్ పోటీలో ఆసియా-ఓషియానియా నుంచి ముందు నిలిచి, నేరుగా నలభైలోకి వచ్చేసింది. ఇరవైలోనూ ఉంది. ఎనిమిదిలో లేదు.

"ఏటే, మన పిల్లేదీ?"

ఒక్కో ఖండానికి ఇద్దరేనమ్మా అని చెప్పాను. మనవైపు నుంచి థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ వెళ్లాయి. తర్వాత ఖండానికి ఒక్కరే మిగులుతారు.

"డ్వాక్రా లోన్లు మండలానికి ఇన్నని ఇచ్చినట్టా? ఇంత జనమున్న కాడికీ ఇద్దరే, అంత సిన్న కాడికీ ఇద్దరేనేటి?"

నా ఆర్టికల్స్ మొత్తంలో ఇంత సూటిగా ఆ నిబంధనని ఎవరూ చెప్పలేదు. అక్కడ పోటీ నూటెనిమిది మందితో కాదు, ముందు పక్కింటివాళ్లతో. థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా కూడా మల్టీమీడియా పోటీలో ఆసియా తరఫున గెలిచి నలభైలోకి నేరుగా వచ్చినదే. చివరికి నలుగురు: థాయ్‌లాండ్, ఇథియోపియా, పోలండ్, మార్టినిక్. కిరీటం ఓపల్‌కి, థాయ్‌లాండ్‌కి అదే మొదటి మిస్ వరల్డ్. పదహారేళ్ల వయసులో తన రొమ్ములో గడ్డ తీయించుకుందని, అందుకే రొమ్ము క్యాన్సర్ గురించి ఊరూరా మాట్లాడుతోందని చెబితే అమ్మ టీవీ సౌండు పెంచింది. మొదటి రన్నరప్ ఇథియోపియా అమ్మాయిని చూసి, "ఈ పిల్లే బాగుంది" అంది. నా కాయితం మీదా ఇథియోపియానే ముందుంది. ఇద్దరం తప్పయ్యాం.

జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం, సారు ట్రిబ్యునల్ పని మీద బయటికెళ్లారు. తలుపు తోసుకుని ఒకాయన వచ్చారు. ఎక్కడో చూసినట్టుంది. వెనకాల సల్వార్‌లో, జుట్టు ముడేసుకుని, చేతిలో ప్లాస్టిక్ ఫైలుతో ఒకమ్మాయి. మేకప్ లేకపోతే పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది. పద్నాలుగు.

ఎంవీపీ కాలనీలో గౌన్లు అద్దెకిచ్చే షాపు పెడుతోందట. "ఒక్క రాత్రికి నాలుగున్నర వేలు కట్టానండి ఆ రోజు. ఈ వ్యాపారమేదో మనమే చేద్దామనిపించింది" అంది నవ్వుతూ. ఆన్‌లైన్లో వేరే రాష్ట్రాలకి కూడా అమ్మాలంటే జీఎస్టీ నంబరు కావాలి. వాళ్ల నాన్న కుర్చీలో కూర్చుంటూ, "సారు ఆ రోజు కుదరదంటే కుదరదన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. కానీ జీఎస్టీకి అలాంటి మనిషే ఉండాలమ్మా" అన్నారు.

ఫైలు తీసుకుని కాయితాలు చూస్తున్నాను. పాన్, ఆధార్, ఫొటో, అద్దె అగ్రిమెంటు. నాన్నగారు ఫోను మోగితే వరండాలోకి వెళ్లారు. ఆ అమ్మాయి కొంచెం ముందుకి వంగింది.

"మేడమ్, ఆ రోజు లెక్కలు చూసింది మీరే కదా?"

"సారూ, నేనూ."

"ఎంత తేడా మేడమ్?"

నా కుర్చీ వెనకే బీరువా. మూడో అర. కవరు చింపడానికి ఇంకా రెండు నెలల టైముంది.

"అది చెప్పకూడదండి."

"మార్కులు వద్దులెండి. ఒక్కటే చెప్పండి. నేను చెప్పింది వాళ్లకి నచ్చిందా, నచ్చలేదా?"

నలుగురికి నచ్చింది. ఒకాయనకి నచ్చలేదు. చప్పట్లు కొట్టిన ఆడిటర్‌కి కూడా నచ్చింది. ఇవన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. కాయితాలు ఇంకోసారి మొదటి నుంచి తిరగేశాను, ఒకటి తక్కువుంది.

"షాపు కరెంటు బిల్లు పెట్టలేదు. ఎవరి పేరు మీదుందండీ?" అన్నాను.